ఆకులు రాలేలోపు: స్నేహితురాలి గర్భిణీ ఫొటోల ప్రాజెక్టు డైరీ

28వ వారం

ఈ ప్రాజెక్టుకు రెండు క్యాలెండర్లు. ఒకటి నా స్నేహితురాలి కడుపుది, రెండోది చెట్లది. రెండూ ఎదురెదురుగా నడుస్తున్నాయి. పొట్ట గుండ్రంగా, స్పష్టంగా కనబడేది సాధారణంగా 30 నుంచి 34 వారాల మధ్య. అంతకు ముందైతే వదులు బట్టల్లో సరిగా తెలియదు. 36 దాటితే నిద్ర సరిగా ఉండదు, కాళ్ళు వాస్తాయి, నిలబడటమే పెద్ద పని. పైగా 37 వారాలు నిండకముందే కాన్పు అయ్యేవాళ్ళు ఉంటారు కాబట్టి చివరిదాకా ఆగడం కుదరదు. చెట్ల సంగతి చూస్తే, మేపుల్ ఆకులు అప్పుడే ఎర్రబడి రాలుతున్నాయి. తనకు 32వ వారం వచ్చేసరికి సగం కొమ్మలు బోసిగా నిలబడతాయి.

తను పెట్టిన షరతు ఒక్కటే: "ఆకుల మధ్యే తియ్యాలి, స్టూడియో వద్దు." నా షరతు కూడా ఒక్కటే: తను అలసిపోకూడదు. వినడానికి చిన్నదే గానీ, స్థలం దగ్గర్నుంచి లెన్సు దాకా అన్నీ దాన్నిబట్టే తేలతాయి. డబ్బిచ్చి తీయించుకునేవాళ్ళు కాళ్ళు లాగితే మొహమాటం లేకుండా చెప్తారు. దగ్గరి స్నేహితురాలు చెప్పదు. "ఇంత దూరం వచ్చావు, ఇంకో రెండు తియ్యవే" అంటుంది. ఈవిడ సంగతి నాకు కాలేజీ రోజుల నుంచి తెలుసు, జ్వరం వచ్చినా పిక్నిక్ మానని రకం.

అందుకని షూట్ రోజున "అలసిపోయావా?" అని అడగకూడదని నిర్ణయించుకున్నాను. అడిగితే లేదనే అంటుంది. పది నిమిషాలకోసారి ఫోన్లో అలారం మోగుతుంది, మోగగానే కూర్చోవాలి. ఫొటో ఎంత బాగా వస్తున్నా సరే. తను నవ్వింది, ఒప్పుకుంది. బయట కాసేపు నిలబడటం, మెల్లగా నడవటం ఫరవాలేదా అని డాక్టరును కూడా అడగమన్నాను. ఫరవాలేదన్నారట, జారే చోట్ల మాత్రం జాగ్రత్త అన్నారట.

29వ వారం: స్థలం

స్థలం చూడటానికి తనను తీసుకెళ్ళలేదు. నడక అంతా నాది, నిలబడటం మాత్రమే తనది. షూట్ ఏ వేళకు అనుకున్నామో సరిగ్గా ఆ వేళకే వెళ్ళి తిరిగాను. పొద్దున చూసొచ్చి సాయంత్రం తీద్దామంటే వెలుగు వేరు, నీడలు వేరు.

ఈ కాలంలో ఒక సుఖం ఉంది. సూర్యుడు నడినెత్తికి ఎక్కడు. మధ్యాహ్నం దాటిన కాసేపటికే ఎండ ఏటవాలుగా, మెత్తగా పడుతుంది. వేసవిలో ఇలాంటి వెలుగు కోసం సాయంత్రం దాకా కాచుకోవాలి. ఇబ్బంది కూడా ఉంది: పొద్దు తొందరగా గూకుతుంది. ఫోన్లో సూర్యాస్తమయం టైము ఏదో చూపిస్తుంది, కానీ సూర్యుడు చెట్ల వెనక్కి దిగిన క్షణానే మనకు పనికొచ్చే వెలుగు అయిపోయినట్టు. అందుకే అస్తమయం టైము పక్కన పెట్టి, సూర్యుడు చెట్ల తలలను తాకే టైము రాసుకున్నాను. ఆ టైముకు గంట ముందు తను బెంచీ మీద కూర్చుని ఉండాలి.

కళ్ళు తిప్పుకోలేని చోటు ఒకటి దొరికింది. చిన్న గుట్ట, పైన ఒంటరి చెట్టు, కింద లోయంతా పసుపు. కానీ కారు ఆగే చోటి నుంచి ఎక్కాలి. వదిలేశాను. రెండోది చూడటానికి మామూలు చోటు. చదునైన బాట, పక్కన బెంచీ, నాలుగడుగుల్లో బాత్రూము, పడమటి వైపు ఖాళీ. ఎనిమిదో నెలలో బిడ్డ బరువంతా మూత్రాశయం మీద పడుతుంది. బాత్రూము దగ్గర లేకపోతే ఎంత అందమైన అడవిలో నిలబెట్టినా ఆ ఇబ్బంది ముఖంలో కనబడిపోతుంది. 85 ఎంఎం లెన్సుతో తీస్తే వెనకాల ఉన్నదంతా ఎలాగూ కరిగిపోయి రంగుగా మిగులుతుంది. తన వెనక పదడుగుల వెడల్పున మంచి రంగు ఉంటే చాలు, లోయలూ గుట్టలూ అక్కర్లేదు.

ఇక చెట్లు. ఆకుకు పచ్చదనం ఇచ్చే క్లోరోఫిల్ విరిగిపోయాక, అడుగున మొదట్నుంచీ ఉన్న పసుపు బయటపడుతుంది. ఎరుపు అలా కాదు, చాలా చెట్లలో ఆంథోసయనిన్ అనే పదార్థం ఈ కాలంలోనే కొత్తగా తయారవుతుంది. పగళ్ళు ఎండగా, రాత్రులు చల్లగా ఉన్న ఏడాది ఎరుపు ముదురుతుంది. ఇవన్నీ మనం 32వ వారానికి చేరేసరికి నేల మీదే ఉంటాయి. కానీ ఓక్, బీచ్ చెట్లు, అందులోనూ లేతవి, ఎండిన ఆకుల్ని ఒక పట్టాన వదలవు. చలికాలంలో కూడా కింది కొమ్మలకు గోధుమ రంగు ఆకులు వేలాడుతూనే ఉంటాయి. బాట మలుపులో అలాంటి లేత ఓక్ చెట్లు వరసగా ఉన్నాయి. గాలివాన వచ్చి మేపుల్ చెట్లన్నీ ఊడ్చుకుపోయినా మనకు నేపథ్యం ఉంటుంది.

నిజం చెప్పాలంటే నాకు ఎరుపు కన్నా ఈ గోధుమ రంగే ఇష్టం. ఎర్రటి ఆకులు ఫొటోలో ముఖంతో పోటీ పడతాయి. చూసేవాళ్ళ కన్ను ముందు ఆకు మీదికే పోతుంది.

30వ వారం: బట్టలు, లెన్సు

బట్టల గురించి తను పంపిన ఫొటోలు చూస్తే భయమేసింది. పొడవాటి గాలికెగిరే గౌన్లు, తల మీద పూల కిరీటాలు. బాగానే ఉంటాయి, కానీ ఆ గౌను ఎగరాలంటే ఒకరు పక్కనుంచి కొంగు విసురుతూ ఉండాలి, ఆవిడ మెడ తిప్పి నిలబడి ఉండాలి, ఫ్రేము కుదిరేదాకా మళ్ళీ మళ్ళీ. మా పది నిమిషాల లెక్కకు అది సరిపోదు.

చివరికి కుదిరినవి రెండు. ఒకటి మీగడ రంగు అల్లిక గౌను, పొట్టకు అతుక్కుని పాదాల దాకా జారేది. రెండోది ముదురు ఆకుపచ్చ గౌను, దాని మీద వదులుగా శాలువా. గళ్ళు, పెద్ద పెద్ద పువ్వులు వద్దన్నాను, అవి గుండ్రటి గీతను విరిచేస్తాయి. నారింజ రంగు కూడా వద్దన్నాను, ఎండుటాకుల్లో కలిసిపోతుంది. కింద మడమల్లేని బూట్లు. గౌను పొడవుగా ఉంది కాబట్టి కనబడవు. పొట్ట ముందుకు రావడంతో ఒంటి బరువు నిలిచే తీరే మారిపోతుంది, తడి ఆకుల మీద ఎత్తు మడమలతో నిలబెట్టడం పిచ్చి పని.

స్వెటర్ తేవాలా అని అడిగితే తెమ్మన్నాను గానీ, తనకు అది పెద్దగా అవసరం పడదని తెలుసు. కడుపుతో ఉన్నప్పుడు ఒంట్లో రక్తం దాదాపు సగం మేర పెరుగుతుంది, వేడి ఎక్కువగా అనిపిస్తుంది. వణికేది నేనే. ఇంకో చిన్న సంగతి: పొట్ట బయటకు కనబడే ఫొటోలు ఇంట్లో తీద్దామనుకున్నాం కాబట్టి, ఆ రోజు పొద్దుటి నుంచి బిగుతు ఎలాస్టిక్ ఉన్నవి వేసుకోవద్దన్నాను. ఆ గీతలు పోవడానికి చాలాసేపు పడుతుంది. ఎడిటింగ్‌లో తుడవడం నాకు ఇంకా పెద్ద పని.

ఉంగరం వేలికి ఎక్కడం లేదని కాస్త దిగులు పడింది. వేళ్ళు వాచడం మామూలే. సన్నటి గొలుసుకు గుచ్చి మెళ్ళో వేసుకోమన్నాను.

లెన్సుల పరీక్ష తన ఇంట్లోనే, సోఫా పక్కన చేశాను. ఒకే చోట నిలబెట్టి ముందు 35 ఎంఎంతో దగ్గరికెళ్ళి తీశాను, తర్వాత 85తో వెనక్కి జరిగి తీశాను. లెన్సుకు దగ్గరగా ఉన్నది పెద్దగా, దూరంగా ఉన్నది చిన్నగా పడుతుంది. 35తో మీటరు దూరం నుంచి ఎదురుగా తీస్తే పొట్ట ముందుకు ఉబికి, తల చిన్నదైపోయింది. స్క్రీన్ చూసి, "ఇది పొట్టా, గాలి బుడగా?" అంది. 85తో నిలువు ఫ్రేములో మనిషి పూర్తిగా పట్టాలంటే నాలుగున్నర నుంచి ఐదు మీటర్లు వెనక్కి వెళ్ళాలి. అక్కడి నుంచి కొలతలన్నీ సరిగా ఉంటాయి. అంత దూరం నుంచి మాట్లాడాలంటే కాస్త అరవాలి, అదొక్కటే బాధ. 35ను పూర్తిగా పక్కన పెట్టలేదు, వెనక నుంచి ఇద్దరూ నడుస్తున్న ఫొటోకు ఉంచాను.

పోజుల గురించి కూర్చుని మాట్లాడుకున్నాం. ఒక చెయ్యి పొట్ట కింద పెట్టి పక్కకు తిరిగి నిలబడే భంగిమను అందరికీ పరిచయం చేసింది 1991 ఆగస్టు వ్యానిటీ ఫెయిర్ అనే అమెరికా పత్రిక ముఖచిత్రం. ఫొటోగ్రాఫర్ ఆనీ లీబోవిట్జ్ తీసిన, హాలీవుడ్ నటి డెమీ మూర్ నగ్న ఫొటో. అప్పట్లో కొన్ని దుకాణాలు ఆ సంచికను కవరు చుట్టి అమ్మాయి. పొట్ట దాచుకోకుండా చిత్రం వేయించుకోవడం మాత్రం చాలా పాతది. లండన్‌లోని టేట్ అనే కళా మ్యూజియం సేకరణలో చిత్రకారుడు మార్కస్ గీరార్ట్స్ 1595 ప్రాంతంలో వేసిన గర్భిణి చిత్రం ఉంది, ముత్యాలు కుట్టిన గౌనుతో. ఆ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూపించాను. తన తీర్పు: "గౌనావిడలా నిలబడతాను, ఆ బట్టల్లేనిది నా వల్ల కాదు." సరే, ఒక తలనొప్పి తగ్గింది.

ఎండుటాకుల మీద వెల్లకిలా పడుకుంటే పైనుంచి తీస్తావా అని అడిగింది. ఆ ఒక్కటీ కుదరదన్నాను. ఈ నెలల్లో వెల్లకిలా పడుకుంటే గర్భాశయం బరువు కింద ఉన్న పెద్ద సిర మీద పడి గుండెకు రక్తం తిరిగి రావడం తగ్గుతుంది, కళ్ళు తిరగొచ్చు. ఎడమ పక్కకు తిరిగి దిండు ఆనుకుని పడుకునే ఫొటో ఇంట్లో తీద్దామన్నాను.

31వ వారం: వాన

వారమంతా ముసురు, మధ్యలో గాలివాన. మేపుల్ చెట్లు అనుకున్నట్టే ఊడిపోయాయి. ఎదురుచూస్తూ కూర్చోవడం కన్నా ఇంట్లో ఫొటోలు ముందే తీసేస్తే మంచిదనిపించింది. బయటి షూట్ అసలు కుదరకపోయినా చేతిలో ఏదో ఒకటి ఉంటుంది.

వాళ్ళ పడకగదికి పెద్ద కిటికీ ఉంది. మబ్బు రోజున ఆ కిటికీ అంతటికీ ఒకటే వెలుగు, నీడ అంచులు మెత్తగా ఉంటాయి. గదిలో దీపాలన్నీ ఆర్పించాను. వెలుగు రంగును కెల్విన్‌లలో కొలుస్తారు, అంకె పెరిగేకొద్దీ నీలం వైపు పోతుంది. పసుపు బల్బులు 2700 నుంచి 3000 కెల్విన్ దగ్గర ఉంటాయి, మబ్బు వెలుగు 6500 దాకా పోతుంది. రెండూ కలిస్తే ఒక చెంప నీలంగా, ఒక చెంప పసుపుగా వస్తుంది, దాన్ని తర్వాత సరిచేయడం ఎవరి వల్లా కాదు. కిటికీకి ఎదురు గోడ వైపు తెల్ల దుప్పటి ఆరేసినట్టు వేలాడదీశాను, నీడ వైపు కొంత వెలుగు వెనక్కి తిరిగింది.

కిటికీ నుంచి ఎంత దూరంలో నిలబెట్టాలనేదే ఇక్కడ అసలు కిటుకు. అతి దగ్గరైతే పొట్ట పైభాగం తెల్లబడిపోయి నడుము చీకట్లో పడుతుంది. రెండడుగులు వెనక్కి జరిపితే వెలుగు తగ్గుతుంది గానీ ఒంటి మీద సమంగా పరుచుకుంటుంది. ఐఎస్ఓ (కెమెరా వెలుగును పట్టే చురుకు) 800, ఎఫ్ (లెన్సు కన్ను తెరుచుకునే కొలత, అంకె చిన్నదైతే కన్ను పెద్దది, వెనకంతా ఎక్కువ మసక) 2.8, షట్టరు సెకనులో 200వ వంతు. ఒకటి రెండు ఫొటోలు నల్లటి ఆకారంగా కూడా తీశాను, కిటికీ వెలుగుకు ఎక్స్‌పోజర్ కట్టి మనిషిని చీకటిగా వదిలేయడం. అందులో ముక్కు, పెదవి, పొట్ట, ఈ మూడు గీతలే ఉంటాయి కాబట్టి ముఖం అచ్చంగా పక్కకు తిరిగి ఉండాలి. పది డిగ్రీలు ఇటు తిరిగినా ముక్కు చెంపలో కలిసిపోతుంది.

ఎడమ పక్కకు తిరిగి పడుకున్నప్పుడు శాలువాను పొట్ట మీద కప్పాను. ఫోకస్ సరిచేస్తుంటే వ్యూఫైండర్‌లో శాలువా కుచ్చు ఒకటి దానంతటదే ఎగిరింది. గాలేమీ లేదు. తను కళ్ళు మూసుకునే, "తన్నాడు, చూశావా?" అంది. చూశాను. ఆ తర్వాత కుచ్చుల మీదే ఫోకస్ పెట్టి వరుసగా తీశాను. రెండు ఫ్రేముల్లో తేడా తెలుస్తోంది, కుచ్చు వేలాడటం ఒకదాంట్లో, పక్కకు ఒరిగి ఉండటం ఇంకోదాంట్లో. ఈ రెండూ పక్కపక్కనే అచ్చు వేయాలి. విడివిడిగా చూస్తే ఎవరికీ ఏమీ అర్థం కాదు.

32వ వారం: బయట

ఆకాశం తేటపడింది. అనుకున్న టైముకన్నా ముందే వెళ్ళి బాట మీద తను నిలబడే చోట్లన్నీ కాలితో ఊడ్చాను. పైనున్న పొడి ఆకులు పరవాలేదు, కింద కుళ్ళిన తడి పొర సబ్బులా జారుతుంది. దాన్ని తీసేసి పైన మళ్ళీ పొడి ఆకులు చల్లాను. ఫొటోలో తేడా ఏమీ తెలియదు, కాలికి తెలుస్తుంది. మడత కుర్చీ, దుప్పటి, ఫ్లాస్కులో వేడినీళ్ళు బెంచీ దగ్గర పెట్టాను. అదనపు బ్యాటరీ చొక్కా లోపలి జేబులో ఉంది. చలికి బ్యాటరీలు తొందరగా దిగిపోతాయి, ఒంటి వేడికి నిలుస్తాయి.

వాళ్ళాయనకు కెమెరా అంటే బిడియం. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియదు, నవ్వమంటే పళ్ళు బిగిస్తారు. అందుకని వచ్చీరాగానే ఆయన చేతికి రిఫ్లెక్టర్ ఇచ్చాను, వెలుగును ముఖం మీదికి తిప్పే పలక, తెల్ల వైపు. బంగారు రంగు వైపు పెట్టమంటారా అని అడిగారు, అదే మెరుస్తోంది కదా అని. ఇప్పటికే ఆకుల నుంచి పసుపు, నారింజ ముఖం మీదికి తిరిగి పడుతోంది, దాని మీద బంగారం కూడా అయితే కామెర్లు వచ్చినట్టుంటుందన్నాను. ఆయన ఆ పనిలో మునిగిపోయి బిడియం మర్చిపోయారు.

మొదట పక్కకు తిరిగిన ఫొటోలు. సూర్యుడు తన వెనక, కాస్త ఎడమకు. జుట్టు అంచుకు, పొట్ట గీతకు సన్నటి వెలుగు పట్టింది. వెనక వెలుగు ఉన్నప్పుడు కెమెరా మోసపోయి ముఖాన్ని నల్లగా తీస్తుంది కాబట్టి ముఖం మీద స్పాట్ మీటరింగ్ (ఆ ఒక్క చోటి వెలుగునే కొలవడం) పెట్టి, ఒక స్టాప్, అంటే వెలుగు రెట్టింపు, పెంచాను. ఐఎస్ఓ 400, సెకనులో 320వ వంతు. ఇలా అచ్చంగా పక్కకు తిరిగితే ముఖం, పొట్ట రెండూ కెమెరాకు ఒకే దూరంలో ఉంటాయి, ఎఫ్ 2 పెట్టినా రెండూ పదునుగానే వస్తాయి. అదే తను నా వైపు సగం తిరిగిందనుకోండి, పొట్ట ముందుకు వస్తుంది, ముఖం వెనక ఉంటుంది. ఎఫ్ 2తో కళ్ళు పదునుగా ఉంటే చేతులు మసకబారతాయి. అక్కడ ఎఫ్ 4కు మార్చాను. నేపథ్యం కాస్త తేలుతుంది, తేలనీ. చేతులు మసకగా ఉన్న గర్భిణీ ఫొటో నాకు నచ్చదు, ఈ ఫొటోల్లో ముఖం తర్వాత మాట్లాడేవి చేతులే.

చేతుల గురించి చెప్పాలంటే, "పొట్ట మీద చెయ్యి పెట్టు" అంటే ఎవరైనా వేళ్ళు విప్పి గట్టిగా అదిమి పెడతారు, కొలత తీసుకుంటున్నట్టు. నేను చెప్పింది: "కింది చేత్తో బరువు మొయ్యి, నిజంగానే మొయ్యి. పై చెయ్యి ఊరికే వదిలెయ్." బరువు నిజంగా మోస్తే భుజం దిగుతుంది, మణికట్టు వదులవుతుంది, వేళ్ళు వాటంతటవే సర్దుకుంటాయి. కెమెరా వైపున్న మోకాలు కాస్త వంచి, బరువు రెండో కాలి మీద వెయ్యమన్నాను. నడుము ఒంపు, పొట్ట గుండ్రం రెండూ దాంతోనే తెలుస్తాయి. కెమెరాను నా నడుము ఎత్తుకు దించాను. పై నుంచి తీస్తే పొట్ట అణిగిపోతుంది, మరీ కింది నుంచి తీస్తే గడ్డాన్ని మింగేస్తుంది.

అలారం మోగింది. తను అప్పుడే చక్కగా తల వంచి నవ్వుతోంది. "ఒక్కటి తియ్యవే, వెలుగు పోతుంది" అంది. కెమెరా దించి కుర్చీ చూపించాను. గొణుక్కుంటూ వెళ్ళి కూర్చుంది. కూర్చోగానే రెండు చేతులూ నడుముకు పెట్టి వెనక్కి వాలి, కళ్ళు మూసుకుని పెద్దగా ఊపిరి వదిలింది. అదీ అసలు సంగతి. నిలబడ్డంత సేపూ ఏమీ లేనట్టే ఉంది. నేను 85తో దూరం నుంచే ఆ కూర్చున్న మనిషిని తీశాను. ఒంటి మీద దుప్పటి, చేతిలో ఫ్లాస్కు మూత, చెదిరిన జుట్టు. ఆ రోజు మొత్తంలో నాకు నచ్చినవి ఎక్కువ ఆ కుర్చీ దగ్గరివే. అలారం పెట్టుకున్నది తన కోసం, లాభం నాకు కూడా వచ్చింది.

రెండో విడతలో ఇద్దరూ. ఓక్ చెట్ల ముందు నిలబెట్టి, "అన్నయ్యగారూ, రిఫ్లెక్టర్ కింద పెట్టి తన వెనక నిలబడండి, చేతులు తన చేతుల మీద" అన్నాను. మళ్ళీ కర్రలా బిగుసుకున్నారు. తన చెవిలో ఏదైనా చెప్పండి, నాకు వినపడక్కర్లేదు అన్నాను. ఆయన వంగి ఏదో అన్నారు. తను పొట్ట పట్టుకుని పకపకా నవ్వింది, ఆయనా నవ్వేశారు. వరుసగా తీసుకుంటూ పోయాను. తర్వాత అడిగితే తెలిసింది, కారు తాళాలు ఎక్కడ పెట్టానో గుర్తులేదన్నారట. తాళాలు రిఫ్లెక్టర్ సంచీలో దొరికాయి.

ఆకులు గాల్లోకి ఎగరేసే ఫొటో కూడా అయింది. ఆయన విసిరారు, తను నిలబడింది. సెకనులో 800వ వంతు లేకపోతే ఆకులు గీతలైపోతాయి. విసిరిన ప్రతిసారీ ఒక ఆకు సరిగ్గా ముక్కు మీదికే వస్తుంది, అదేం శాపమో.

సూర్యుడు చెట్ల వెనక్కి దిగాక నీడలో ఆకుపచ్చ గౌనుతో కొన్ని తీశాను. అక్కడ వెలుగు నీలంగా మారిపోతుంది, వైట్ బ్యాలెన్స్ (తెలుపు తెల్లగానే కనబడేలా రంగు సరిచేసే అమరిక) 7000 కెల్విన్ దగ్గర పెట్టి, ఒక ఫ్రేములో బూడిద రంగు కార్డు పట్టించాను, తర్వాత సరిచూసుకోవడానికి. బయల్దేరే ముందు కెమెరాను ప్లాస్టిక్ సంచీలో పెట్టి గాలి చొరకుండా కట్టాను. చల్లటి లెన్సు వెచ్చటి గదిలోకి వస్తే పైన తేమ పడుతుంది. సంచీలో ఉంటే ఆ తేమ సంచీ మీద పడుతుంది. కెమెరా గది వేడికి వచ్చేదాకా విప్పలేదు, ఫొటోలు చూడాలని ఎంత ఆత్రంగా ఉన్నా.

33వ వారం: ఎడిటింగ్

కంప్యూటర్ ముందు ఈ కాలపు ఫొటోల్లో అసలు పేచీ ఒకటే. మనిషి చర్మం, ఎండుటాకు, రెండూ నారింజ రంగులోనే బతుకుతాయి. ఆకులు మెరవాలని నారింజ స్లైడర్ పెంచితే ముఖం కందిపోయినట్టు ఎర్రబడుతుంది. ముఖం సరిగా ఉండాలని తగ్గిస్తే చెట్లు చచ్చిపోతాయి. మొత్తం ఫొటోకు ఒకే మందు వెయ్యడం ఇక్కడ పని చెయ్యదు. మనిషికి వేరే మాస్క్, నేపథ్యానికి వేరే మాస్క్, అంటే మార్పు ఆ భాగానికే పరిమితమయ్యేలా గీసే హద్దు. ముందు మనిషి చర్మం సరిచేసి, ఆ తర్వాతే ఆకుల దగ్గరికి వెళ్ళాను. ఆకుల్లో కూడా రంగు పెంచకుండా, పసుపును కాస్త గోధుమ వైపు జరిపి వెలుగు కొంచెం తగ్గించాను. రా ఫైళ్ళు (కెమెరా పట్టిన వివరాలన్నీ అలాగే ఉంచేవి) కాబట్టి ఇంత లాగినా తట్టుకున్నాయి.

గడ్డం కింద, మెడ మీద నేల ఆకుల నుంచి వచ్చిన నారింజ ఛాయ ఉంది. దాన్ని పూర్తిగా తీసేస్తే ముఖం వేరే చోట తీసి అతికించినట్టు ఉంటుంది. సగం తీశాను.

చర్మం విషయంలో ముందే తనను అడిగాను, నా అంతట నేను ఏదీ చెరపలేదు. నా పద్ధతి ఏమిటంటే రెండు వారాల్లో పోయేవి తీసేయొచ్చు, మనిషితో ఉండేవి ఉంచాలి. తను చెప్పింది ఇంకా సూటిగా ఉంది: "గడ్డం మీద మొటిమ తీసెయ్. పొట్ట మీద చారలు, ఆ నల్ల గీత ముట్టుకోకు." బొడ్డు మీదుగా దిగే ఆ నల్ల గీత చాలామందికి ఈ నెలల్లో వస్తుంది, కాన్పు తర్వాత నెలల్లో మెల్లగా మాసిపోతుంది. తనకు అది ఫొటోలో కావాలి. కిటికీ ఫొటోల్లో దానికి కొంచెం కాంట్రాస్ట్ కూడా ఇచ్చాను.

నడుము సన్నం చెయ్యడం, పొట్ట ఇంకా గుండ్రం చెయ్యడం లాంటివి చెయ్యలేదు. ఆ పని చెయ్యాల్సింది వెలుగు, నిలబడే తీరు. అక్కడ కుదరనిది ఇక్కడ సాగదీస్తే వెనకున్న చెట్టు కూడా వంగుతుంది.

34వ వారం: ఎంపిక, అచ్చు

అన్నీ పంపలేదు. ఒకేలాంటివి పది పంపితే ఎంచుకోవడమే శిక్ష అవుతుంది. ఒక్కో భంగిమకు ఒకటి రెండు చొప్పున తీసి పెట్టాను. నాకు అన్నిటికన్నా నచ్చింది పక్కకు తిరిగి, అంచున వెలుగు పట్టిన ఫొటో. వంక పెట్టడానికి ఏమీ లేదు అందులో. తను దాన్ని ఒక క్షణం చూసి, "బాగుంది గానీ నేను నాలా లేను" అని పక్కన పెట్టేసింది. కుర్చీలో దుప్పటి కప్పుకుని ఫ్లాస్కు మూతతో ఉన్నది పెద్ద ప్రింటుకు కావాలంది. వాళ్ళాయన ఓటు తాళాల ఫొటోకు. కుచ్చుల జంట ఫొటో ఆల్బంలో మొదటి పేజీకి.

కుర్చీ ఫొటోను 12×18 అంగుళాలకు అడిగింది. 300 డీపీఐ (అంగుళానికి 300 చుక్కలు) లెక్కన 3600×5400 పిక్సెళ్ళు కావాలి. 24 మెగాపిక్సెళ్ళ ఫైలుకు 4000×6000 ఉంటాయి, అంటే అంచులు కత్తిరించడానికి పెద్దగా చోటు లేదు. ఎడమ అంచున రిఫ్లెక్టర్ మూల కనబడుతోంది, అంతవరకే కోశాను.

ప్రింటుకు పంపే ముందు స్క్రీన్ వెలుగు బాగా తగ్గించుకున్నాను. వెలుగు ఎక్కువ పెట్టుకుని ఎడిట్ చేస్తే అక్కడ మెరిసిపోతుంది, కాగితం మీద చీకటిగా వస్తుంది. మ్యాట్ కాగితం మీద ముందు చిన్న టెస్ట్ ప్రింటు వేయించాను. దుప్పటి మడతలు బాగా వచ్చాయి, వెనకున్న ఓక్ ఆకులు మాత్రం అనుకున్నదానికన్నా ఎర్రగా దిగాయి. మాస్క్‌లో ఎరుపు కాస్త వెనక్కి లాగి పెద్దది పంపాను. ఫైళ్ళు మూడు కాపీలు, రెండు రకాల నిల్వల్లో, ఒకటి వేరే ఇంట్లో. ఆ వేరే ఇల్లు వాళ్ళదే.

ఆల్బం వరుస తనే చూసుకుంటానంది. అంతలోనే పసిబిడ్డ ఫొటోల గొడవ మొదలుపెట్టింది: బుట్టలో పెట్టి, టోపీ పెట్టి, ఇంకేవేవో. పోజులేవీ పెట్టను, మీ ఇంటికే వచ్చి ఆ కిటికీ దగ్గర తీస్తాను, అదీ నువ్వు నిద్రపోయి లేచాకే అన్నాను. టోపీ ఒక్కటైనా పెట్టనివ్వమంటోంది. ఆ బేరం ఇంకా తెగలేదు.